మెత్తగా ఇచ్చిన పాసు

హారికా, నిఖిల్,

పోయిన ఆదివారం హారిక ఫోన్‌లో అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నా గొంతు మొదటినుంచీ చిన్నదే. పూణేలో మీ వీధిలో బండ్ల చప్పుడు పెద్దది. "అవ్వా, వినిపించట్లేదు" అని నువ్వు మళ్ళీ మళ్ళీ అంటుంటే "సరేలే తల్లీ, నిదానంగా చెప్తా" అని పెట్టేశాను. తిరుపతి ఇంటి వసారాలో కూర్చుని ఆ నిదానంగా చెప్పేదే ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు అడిగింది ఇది. మీ కాలేజీ ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టులో నువ్వు క్వార్టర్‌బ్యాక్‌వి. అంటే మధ్యలో నిలబడి బంతి విసిరే పిల్లవి. ఆ బంతి పట్టాల్సిన రిసీవరు పిల్ల ఒకతి సరైన చోటికే పరిగెత్తుతుంది, నువ్వు సరిగ్గా చేతుల్లోకే వేస్తావు, అది వదిలేస్తుంది. ఒకసారి కాదు, చాలాసార్లు. "ఇంక దానికి వెయ్యనని చెప్పేశాను అవ్వా. తప్పా?" అన్నావు.

ఆ ఆట నాకు తెలియదు. నిఖిల్ వీడియో పంపిస్తే చూశాను. నడుముకు రిబ్బన్లు కట్టుకుని, కోడిగుడ్డును సాగదీసినట్టుండే బంతి పట్టుకుని పరిగెత్తుతున్నారు. ఎందుకు పరిగెత్తుతున్నారో సగం అర్థం కాలేదు. కానీ వేసే చెయ్యీ పట్టే చెయ్యీ ఏ ఆటలోనైనా ఒకటే. ఉద్యోగమంతా నేను వాటినే చూశాను. పైగా వచ్చే జూన్‌లో నీ ఆటల టీచరు చదువు అయిపోతుంది, నువ్వే మెడలో విజిల్ వేసుకుని ఏదో ఒక బడి గ్రౌండులో నిలబడతావు. కాబట్టి ఈ మాట నీ జట్టుకోసం కొంత, నీ ఉద్యోగంకోసం కొంత.

ఈ పని ఏమిటంటే

ఊళ్ళో నన్ను "డ్రిల్లు టీచరమ్మ" అనేవాళ్ళు. పిల్లలకు పీఈటీ మేడం. మధ్యలో ఏ బదిలీ ఆర్డరు ఎప్పుడొచ్చిందో, ఏ బడికి ఎందుకు వేశారో నాకే సరిగ్గా గుర్తులేదు. మీకు అసలే వద్దు.

చేరేటప్పుడు నేను ఆటలు నేర్పుతాననుకున్నాను. నిజానికి నేర్పింది తక్కువ. గ్రౌండులో రాళ్ళు ఏరించాను. తుమ్మముళ్ళు ఏరించాను. ప్రార్థనకు లైన్లు కట్టించాను. లెక్కల సారు రాని రోజు ఆ క్లాసుకు పోయి పిల్లల్ని గమ్మున కూర్చోబెట్టాను. ఆడపిల్లల చున్నీలకు పిన్నులు పెట్టాను. "మా పాప ఎగరగూడదు మేడం, నలుగురూ చూస్తారు" అనే అమ్మలతో గుమ్మంలో నిలబడి మాట్లాడాను. ఇవన్నీ పోగా మిగిలిన కొంచెం పొద్దులో ఆట.

ఆ కొంచెం పొద్దులో కూడా నా అసలు పని ఏమిటో చాలా ఆలస్యంగా తెలిసింది. బంతి ఎవరి దగ్గరికి పోతోందో అందరూ చూస్తారు. ఎవరి దగ్గరికి పోవడం లేదో చూడాల్సింది మాత్రం మనమే.

రేవతి కంట్లో ఎండ

మొదట్లో నేను నాయుడుపేట వైపు ఒక బడిలో ఉన్నాను. త్రోబాల్ జట్టులో రేవతి అని ఒక పిల్ల ఉండేది. పొడుగ్గా, చురుగ్గా ఉండేది గానీ వచ్చిన బంతినల్లా పడేసేది. అప్పుడు నాకు వయసు తక్కువ, ఓపిక ఇంకా తక్కువ. "అవి చేతులా, జల్లెడా?" అనేశాను. పిల్లలకు ఆ మాట భలే దొరికింది. రేవతి పేరే జల్లెడైపోయింది.

ఆ బడిలో పెద్ద టీచరు కమలమ్మ మేడం. ఎప్పుడూ గొడుగు లేకుండా బయటికి రాదు. ఒక సాయంత్రం గొడుగు వేసుకుని గ్రౌండుకు వచ్చి, కాసేపు చూసి, నన్ను పిలిచింది.

"ఏమ్మా, ఆ పిల్ల నిలబడే తావులో నువ్వు పోయి నిలబడు."

"ఎందుకు మేడం?"

"నిలబడమ్మా. నేనేమన్నా కొండెక్కమంట్నా?"

పోయి నిలబడ్డాను. ఎవరో బంతి వేశారు. నాకు బంతి కనబడలేదు. దిగిపోయే సూర్యుడు సూటిగా కళ్ళలో పొడుస్తున్నాడు. బంతి వచ్చి నా భుజానికి తగిలింది. పిల్లలు పడి పడి నవ్వారు. కమలమ్మ మేడం గొడుగు కిందినుంచి, "కనపడిందా? నీదేమి జల్లెడో!" అంది.

మరుసటి రోజు రేవతిని అటువైపు మార్చాను. అన్నీ పట్టింది. పేరు మాత్రం మారలేదు. బడి వదిలిపోయేదాకా దాన్ని జల్లెడ అనే పిలిచారు. పేరు పెట్టింది నేను. తీసెయ్యడం నా చేతిలో లేకపోయింది.

అప్పటినుంచి ఎవరైనా పడేస్తే ముందు కారణం వెతకడం నేర్చుకున్నాను. ఆ నేర్పు మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది ఆ గర్వం చేసిన పని.

లైన్ పిల్ల

చాలా ఏళ్ళ తర్వాత పూతలపట్టు దగ్గర ఒక ఊరి హైస్కూలులో ఉన్నప్పుడు ఆడపిల్లల హ్యాండ్‌బాల్ జట్టు తయారు చేశాను. జట్టుకు ఏడుగురు. గోలు ముందు అర్ధచంద్రంలాగా ఒక గీత ఉంటుంది. గోల్‌కీపర్ తప్ప ఎవరూ ఆ గీత లోపల కాలు పెట్టకూడదు. ఎదుటి జట్టు పిల్లలు గీత ముందు గోడలాగా నిలబడతారు. ఆ గోడ మధ్యలో, గోలుకు వీపు పెట్టి, మన పిల్ల ఒకతి నిలబడాలి. వెనకా పక్కలా తోస్తుంటారు. ఆ తోపులాటలోనే బంతి పట్టుకుని, గిర్రున తిరిగి, గాల్లోకి ఎగిరి గోలు వెయ్యాలి. దాన్ని మేం లైన్ పిల్ల అనేవాళ్ళం. దూరంనుంచి దానికి బంతి అందించే పిల్ల మధ్యలో ఆడుతుంది. హారికా, నీ క్వార్టర్‌బ్యాక్ లాంటిదే.

మధ్యలో ఆడేది భార్గవి. చూపు ఒకవైపు పెట్టి పాసు ఇంకోవైపు ఇవ్వగలిగిన పిల్ల. లైన్ మీద మునిలక్ష్మి. పొట్టిగా, గట్టిగా ఉండేది. ఎంత తోసినా కదిలేది కాదు. ఇద్దరిదీ పదో తరగతి, ఒకే బెంచీ. తెచ్చుకున్న అన్నం కలిపి తినేవాళ్ళు.

కానీ మునిలక్ష్మి పడేసేది.

"ఏమే మునీ, అది బాలా, నిప్పా? పట్టుకున్నావో లేదో వదిలేస్తావు!" అనేది భార్గవి.

"నువ్వు ఆడ్నుంచి ఇసిరేస్తే అయిపాయనా? నా ఎనకాల ఇద్దరు గున్నేనుగుల మాదిరి తోస్తా ఉండారు, కనపళ్ళేదా నీకి?"

"తోస్తే తొయ్యనీ. సేతులు ముందరే గదా ఉండాయి!"

అందరూ నవ్వేవాళ్ళు. మునిలక్ష్మి కూడా నవ్వేది. నవ్వుతూనే అరచేతులు తొడలకేసి గట్టిగా రుద్దుకునేది. నేను ఆ రుద్దుకోవడం చూశాను.

అప్పట్లో మా ప్రాక్టీసు పొద్దున బడికి ముందు. సాయంత్రం పిల్లలకు బస్సు అందదని పెద్దసారు ఒప్పుకునేవాడు కాదు. ఒకరోజు తెల్లవారుతుండగా నేను గ్రౌండుకు పోకుండా మునిలక్ష్మి ఇంటికి పోయాను. కొట్టంలో జెర్సీ ఆవులు వరసగా ఉన్నాయి. నాయన లారీ మీద పోతాడు, వారానికొకసారి వస్తాడు. అమ్మ సుబ్బమ్మ పేడ ఎత్తుతోంది. మునిలక్ష్మి ఒక్కో ఆవు కింద కూర్చుని పాలు పిండుతోంది. డైరీ బండి వచ్చేలోపల అయిపోవాలి.

చివరి ఆవు అయ్యాక లేచింది. చేతులు చూశాను. వేళ్ళు ఇంకా ముడుచుకునే ఉన్నాయి, కనబడని పొదుగును పట్టుకున్నట్టు. వేడినీళ్ళ చెంబులో చేతులు పెట్టింది.

"ఇదేందే మునీ?"

"ఏం లేదు మేడం. రోంతసేపు ఇట్లనే ముడుసుకుంటాయి. ఎండ పొడిస్తే అయ్యే ఇచ్చుకుంటాయి."

ఎండ పొడిచేలోపల మా ప్రాక్టీసు అయిపోయేది. అదీ కారణం.

సుబ్బమ్మ పేడ తట్ట దించి నా దగ్గరికి వచ్చింది. ఆ ఏడాది తిరుపతిలో ఒక కాలేజీవాళ్ళు జిల్లా జట్టులో ఆడే ఆడపిల్లలకు హాస్టలుతో సహా సీటు ఇస్తామన్నారు. పిల్ల ఆ మాట ఇంట్లో చెప్పి ఉంది.

"మేడం, మా బిడ్డి ఈ ఆట ఆడి తిరపతికి పోతానంటా ఉండాది. నిజమేనా?"

"జిల్లా జట్టులో తీసుకుంటే నిజమే సుబ్బమ్మా."

"తీసుకుంటే పంపిస్తా. మాటంటే మాటే. తీసుకోకుంటే మాత్రం ఆవుల కాడ ఉండాల. నాకి ఒంటి సేత్తో కాదు మేడం. ఏదన్నా ఒగటి తెగాల గదా."

మునిలక్ష్మి చెంబులోనుంచి చేతులు తీసి, వేళ్ళు ఒక్కొక్కటీ సాగదీసి నాకు చూపించింది. "సూడండి మేడం, ఇచ్చుకున్న్యాయి" అని నవ్వింది.

మెల్లగా ఇవ్వమ్మా

ప్రాక్టీసు సాయంత్రానికి మార్చడానికి పెద్దసారు శ్రీనివాసులు గారి చుట్టూ తిరిగాను. ఆయన చెడ్డవాడు కాదు. బడికి కప్పు రావాలని ఆశ. "ఆ పడేసే పిల్లను పక్కన పెడితే పోతాది గదమ్మా. ఒగ పిల్ల కోసరం టైమే మార్చాలంటావా?" అన్నాడు. నేను నా చిన్న గొంతుతోనే పట్టుబట్టాను. బస్సు డ్రైవరుతో నేనే మాట్లాడుకున్నాను. చివరికి ఒప్పుకున్నాడు. పిల్లను జట్టులో నిలబెట్టానని సంబరపడ్డాను. జట్టులో ఉంచడమూ నమ్మడమూ ఒకటే అనుకున్నాను.

సాయంత్రాలు మునిలక్ష్మి చేతులు బ్రహ్మాండంగా ఉండేవి. నేను దగ్గరనుంచి, దూరంనుంచి, పక్కనుంచి ఎలా వేసినా పట్టింది. నేను వెతికిన కారణం దొరికింది, మందు పడింది, జబ్బు పోయింది. అలాగే అనుకున్నాను.

జబ్బు ఇంకో చోటికి పోయింది. అన్ని నెలలు బంతి పడిపోవడం చూసిన భార్గవి కళ్ళు ఇప్పుడు లైన్ వైపే పోవడం లేదు. మునిలక్ష్మి చెయ్యెత్తి నిలబడితే భార్గవి అటు చూస్తుంది, చెయ్యి కదులుతుంది, మధ్యలో ఆగిపోతుంది, బంతి పక్కకు పోతుంది. అది పొగరు కాదు, కోపమూ కాదు. అడిగితే "ఈసారి ఇస్తా మేడం" అనేది. ఇవ్వాలనే ఉండేది. చెయ్యి వినేది కాదు.

నేను భార్గవిని పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి చెప్పాను. "గట్టిగా వద్దులే తల్లీ. మెల్లగా ఇవ్వు. అది పట్టుకుంటుంది. పాపం, ఎంత కష్టపడి వస్తోందో తెలుసు కదా."

భార్గవి మంచి పిల్ల. విన్నది. ఆ రోజునుంచి మిగతావాళ్ళకు కొట్టినట్టు ఇచ్చేది, మునిలక్ష్మికి మాత్రం పైకి లేపి మెత్తగా వేసేది. మునిలక్ష్మి పట్టేది. అడ్డం నిలబడిన మా పిల్లలు కూడా ఆ బంతిని లాక్కునేవాళ్ళు కాదు. అందరికీ దాని మీద జాలి. గ్రౌండంతా జాలితో మెత్తబడిపోయింది. నాకు చూడ్డానికి బాగుండేది.

ఒక్క మునిలక్ష్మికి బాగాలేదు. ఒక సాయంత్రం వల మడతపెడుతూ నా పక్కకు వచ్చింది.

"మేడం, భార్గవిని నాకి గట్టిగానే ఇయ్యమని సెప్పండి."

"ఎందుకే? ఇప్పుడు బాగానే పడతా ఉండావు గదా."

"గట్టిగా వస్తే సెయ్యి దానంతట అదే మూసుకుంటాది మేడం. మెత్తగా వస్తే ఎప్పుడు మూసుకోవాల్నో తెలీదు. ఆవు కాడ గూడా అంతే, బయపడతా పట్టుకుంటే తన్నేస్తాది."

"బాలుకు ఆవుకు పోలికేందే!" అని నవ్వాను. "పట్టుకో, అదే చాలు."

అది నవ్వలేదు. వల మడత సరిచేసి, గదిలో పెట్టి, సైకిలెక్కి పోయింది. సాయంత్రం ఆవుల పాలు పిండే పొద్దయింది.

చిత్తూరులో

జిల్లా పోటీలు చిత్తూరులో. షామియానా కింద కుర్చీల్లో జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంచుకునే పెద్దలు కూర్చున్నారు. వాళ్ళు పిల్లల ఇళ్ళు చూడరు, కొట్టాలు చూడరు. బంతి ఎవరి చేతిలో ఉందో చూస్తారు, ఏం చేసిందో చూస్తారు. బంతి రాని పిల్ల వాళ్ళకు గ్రౌండులో లేనట్టే.

మొదటి సగమంతా మునిలక్ష్మి లైన్ మీద చెయ్యెత్తి నిలబడింది. ఇద్దరు పిల్లల్ని వీపుతో ఆపి, చోటు చేసుకుని, చెయ్యెత్తింది. మళ్ళీ తోసుకుని, మళ్ళీ చోటు చేసుకుని, మళ్ళీ ఎత్తింది. భార్గవి చూసేది, చెయ్యి కదిలేది, బంతి పక్కకు పోయేది. లేదా తనే దూరంనుంచి కొట్టేది. కొన్ని గోలు అయ్యాయి కూడా. జనం భార్గవి పేరు పెట్టి అరిచారు. నేను గీత బయటినుంచి "మునికి, మునికి" అన్నాను. నా గొంతు నా పక్కన కూర్చున్న పిల్లకే సరిగ్గా వినబడలేదు.

విరామంలో నీళ్ళు తాగుతూ మునిలక్ష్మి అడిగింది. "ఒగసారి ఇయ్యే భార్గవీ."

"ఇస్తాలే. టైము రానీ."

"ఎప్పుడొస్తాది? ఆట అయిపోయినాకనా?"

"యాల మే అట్లంటావు? నేనేమన్నా కావాల్నని చేస్తా ఉండానా?"

"కావాల్నని కాదులే. నన్ను సూస్తే నీకి బాలు కింద పడేదే కనపడతా ఉండాది."

భార్గవి నా వైపు చూసింది. అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటే ఉంది. మునిలక్ష్మి వారం ముందే దాన్ని నా చేతిలో పెట్టింది. నేను మళ్ళీ పాత మాటే అన్నాను. "ఇవ్వమ్మా. మెల్లగానైనా సరే, ఇవ్వు."

ఆట ముగిసే ముందు రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మునిలక్ష్మి ఒక పిల్లను భుజంతో పక్కకు తిప్పి, గోలు ముందు ఖాళీ చేసుకుంది. నేను చూసిన లైన్ పిల్లల్లో అంత శుభ్రంగా చోటు చేసుకున్నది ఇంకొకతి లేదు. చెయ్యెత్తింది. వేళ్ళన్నీ విచ్చుకుని ఉన్నాయి. భార్గవి చూసింది. ఈసారి చెయ్యి ఆగలేదు. ఇచ్చింది.

మెత్తగా ఇచ్చింది. పైకి లేపి, జాగ్రత్తగా, నేను చెప్పినట్టే.

ఎదుటి జట్టు పిల్లలకు మునిలక్ష్మి మీద జాలి ఎందుకుంటుంది? పొడుగుపిల్ల ఒకతి వెనకనుంచి చెయ్యి చాచి, గాల్లో తేలుతున్న బంతిని కొమ్మమీది కాయను కోసుకున్నట్టు తీసుకుంది. అటు పరిగెత్తి గోలు వేసింది. ఆట అయిపోయింది.

"లైన్ మీద పిల్ల వదిలేసినాది" అన్నారు వెనక ఎవరో. షామియానా కిందనుంచి చూసినవాళ్ళకూ అలాగే కనబడి ఉంటుంది. సాయంత్రం పేర్లు చదివారు. భార్గవి పేరు ఉంది. మునిలక్ష్మి పేరు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు పూతలపట్టు కూడలిలో మా ఊరి బస్సు కోసం నిలబడ్డాం. పేరు వచ్చిన పిల్ల ఏడుస్తోంది. పేరు రాని పిల్ల ఏడవడం లేదు.

"నేను ఇచ్చినా గదా మేడం," అంది భార్గవి. "మీరు సెప్పినట్లనే ఇచ్చినా గదా."

"ఇచ్చావు తల్లీ" అన్నాను.

మునిలక్ష్మి రోడ్డు వైపే చూస్తూ, కోపం కూడా లేకుండా అంది. "సంటిబిడ్డకి అన్నం పెట్టినట్ల ఇస్తివి మే."

బస్సు వచ్చింది. ఇద్దరూ వేరే వేరే సీట్లలో కూర్చున్నారు. ఆ తర్వాత బెంచీ మీద కూడా అంతే.

తర్వాత

సుబ్బమ్మ దగ్గరికి పోయి బతిమాలాను. "మాటంటే మాటే అంటిని గదా మేడం. తీసుకునింటే పంపిచ్చింటాను" అంది. ఆమెను తప్పుపట్టలేను. ఆమె మాట తప్పలేదు. మునిలక్ష్మి ఆవు కింద కూర్చుని పాలు పిండుతూనే ఉంది. నేను ఉన్నంతసేపూ తల తిప్పలేదు. చెంబులో పాలు పడే చప్పుడు మాత్రం ఆగకుండా వినబడింది.

భార్గవి తిరుపతిలో చదివింది, ఆడింది, ఇప్పుడు పోలీసు ఉద్యోగంలో ఉంది. పండగలకు ఫోన్ చేస్తుంది. ప్రతిసారీ చివర్లో "ముని ఎట్ల ఉండాది మేడం?" అంటుంది. "నువ్వే పోయి అడగరాదా?" అంటే "పోతా మేడం, టైము రానీ" అంటుంది. ఆ మాట అంటున్నప్పుడు తనకు గుర్తొస్తుందో లేదో నాకు తెలియదు.

హారికా, ఇంక నీ ప్రశ్న.

ఆ పిల్ల ఎందుకు వదిలేస్తోందో ముందు చూడు. ఎండ ఏమో, చెయ్యి ఏమో, ఇంట్లో ఏమో. నాకు తెలిసిన సగం ఉద్యోగం అదే. ఏం చేసినా కుదరకపోతే, నిజంగా పట్టలేని పిల్లే అయితే, మొహంమీదే చెప్పి వేరే చోట ఆడించు. అది కూడా మర్యాదే. కళ్ళు మూసుకుని నమ్మమని నేను చెప్పను.

కానీ పట్టగలదని తెలిశాక సగం సగం ఇవ్వొద్దు. మెత్తగా వేస్తే నువ్వు దానికి సాయం చేస్తున్నట్టు నీకు ఉంటుంది. దానికి మాత్రం, ఇది పడేస్తుందని నువ్వు ముందే తీర్పు చెప్పినట్టు ఉంటుంది. చూసేవాళ్ళు కూడా బంతిని చూడడం మానేసి, అది ఎప్పుడు పడేస్తుందా అని దాన్నే చూస్తారు. అసలు ఇవ్వనివాళ్ళ మీద కోపమైనా తెచ్చుకోవచ్చు. జాలిపడి ఇచ్చేవాళ్ళను ఏమనాలో ఆ పిల్లకు తోచదు.

వేసే పిల్లకు కూడా ఒక మాట. పట్టే చేతులు వేడినీళ్ళతో బాగవుతాయి. వేసే చెయ్యి అంత తొందరగా బాగవదు. పడినవన్నీ అది గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని మంచి మాటలతో బాగు చెయ్యలేం. మళ్ళీ మళ్ళీ గట్టిగా వేయించడమే. భార్గవితో నేను అది చేయించలేదు. దానికీ అన్యాయమే చేశాను.

పుత్తూరులో

పోయిన చలికాలం నేను మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను కదా. మీ అమ్మ ఆస్పత్రి అంటే, నేను పుత్తూరు కట్టు అన్నాను. మా కాలంవాళ్ళకు ఎముక విరిగితే కాళ్ళు అటే నడుస్తాయి. పసరు కట్టు, వెదురు బద్దలు వేయించుకుని బయట అరుగు మీద కూర్చున్నాను.

"మేడం!" అని పిలుపు.

మునిలక్ష్మి. కొంచెం లావెక్కింది. అప్పటి గట్టితనం అలాగే ఉంది. సుబ్బమ్మను ఆవు తన్నితే కట్టు కట్టించడానికి తీసుకొచ్చిందట. ఆమె లోపల ఉంది. పక్కనే చిన్నపిల్ల, కూతురు, గౌనుకు జేబులు.

"మీకేమాయ మేడం?"

"మెట్ల మీద పడ్డానే."

"అంతేనా? నేనింకా యాడన్నా ఆట ఆడినారేమో అనుకుంటి!" అని నవ్వింది. కొట్టం పెద్దది చేశానంది. పాలు పిండడానికి మిషను పెట్టానంది. "ఇప్పుడు సేతులు ముడుసుకోవు మేడం" అని రెండు చేతులూ చాచి చూపించింది. అప్పటిలాగే, వేళ్ళు సాగదీసి.

నేను ఆ రోజు సంగతి ఎత్తబోయాను. "మునీ, ఆ పొద్దు చిత్తూరులో..."

"గమ్మునుండండి మేడం. అదంతా ఇప్పుడెందుకు" అంది. మళ్ళీ తనే అడిగింది. "భార్గవి యాడుండాది?" చెప్పాను. తల ఊపింది. అంతే.

ఎదురుగా తోపుడుబండి మీద జామకాయలు. మునిలక్ష్మి లేచి పోయి కొన్ని కొనింది. కూతురికి ఒకటి ఇచ్చింది. తర్వాత అక్కడే నిలబడి, ఒక కాయ చేతిలో పెట్టి బరువు చూసి, నా వైపు తిరిగింది.

"మేడం, పట్టండి!"

కుడిచెయ్యి కట్టులో ఉంది. వయసు మీదపడిన ఎడమచెయ్యి ఒకటే మిగిలింది. అయినా మునిలక్ష్మి మెత్తగా వెయ్యలేదు. సూటిగా, గట్టిగా వేసింది. కాయ నా అరచేతికి ఠప్పున తగిలి, జారి, మట్టిలో దొర్లింది.

కూతురు "అవ్వ పడేసింది!" అని చప్పట్లు కొట్టింది.

"పడేస్తే ఏమే?" అంది మునిలక్ష్మి. వచ్చి కాయ తీసుకుని, కొంగుతో తుడిచింది. నా చేతిలో పెడుతుందని చెయ్యి చాచాను. పెట్టలేదు. వెనక్కి నడిచి, మళ్ళీ తోపుడుబండి దగ్గర ఇందాకటి చోటే నిలబడింది. నా చెయ్యి వైపు చూసింది.

మళ్ళీ వేసింది. అంతే గట్టిగా.